చంద్రమోహనన్న చదివింపులు

ధర్మవరంలో పెళ్ళికి పిలిస్తే వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చదివిస్తారు. కొందరు బిందె, కొందరు గోడ గడియారం, దగ్గరవాళ్ళయితే ఉంగరం. మా చంద్రమోహనన్న మాత్రం కంప్యూటరు ప్రోగ్రాంలో ఒక ముక్క చదివిస్తాడు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, వాటి మధ్య ఒక పెన్‌డ్రైవు, దాని కింద మడిచిన స్టాంపు కాగితం. ఆ పూట నుంచి ఆ ముక్క మీద అన్నకు ఏ హక్కూ ఉండదు, అంతా పెళ్ళికూతురిదే.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ స్టాంపు కాగితాలు రాసింది నేనే. నా పేరు నాగేశ్వర. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాను. పొలాలు రాశాను, ఇళ్ళు రాశాను, నీళ్ళు లేని బావుల్లో వాటాలు కూడా రాశాను. కంప్యూటరు ప్రోగ్రాంకు దానపత్రం రాసినవాణ్ణి మాత్రం భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఘనత నా నెత్తిన పెట్టినవాడు చంద్రమోహనన్న. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోరు తెరుచుకుంటుంది.

ముందు ఆ ప్రోగ్రాం సంగతి చెప్పాలి. పట్టుచీర మీద బుట్టా పడాలన్నా అంచు పడాలన్నా మగ్గం పైన తూట్లు పొడిచిన అట్టకార్డులు తిరగాలి. తూటు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఒకప్పుడు గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ రంగు పూసుకుంటూ, కళ్ళు కాయలు కాచేదాకా కూర్చుని ఆ లెక్క తేల్చేవాళ్ళు. చంద్రమోహనన్నది నేత కుటుంబం. కంప్యూటరు నేర్చుకుని ఊళ్ళో సెంటరు పెట్టుకున్నాడు. తెరమీద బుట్టా గీస్తే ఏ కార్డుకు ఎక్కడ తూటు పడాలో అదే చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి, దానికి ‘అంచు’ అని పేరు పెట్టాడు.

ఇక చూడండి, తలా ఒక చెయ్యి వేశారు. అనంతపురం ఇంజనీరింగు పిల్లలు కొలతల ముక్క చేర్చారు. రాప్తాడు నుంచి ఒక స్కూలు అయ్యవారు తెలుగు అక్షరాలు చేర్చాడు. మా ఊరి డిజైనరు ఆదెన్న తన జన్మంతా గీసిన బుట్టాలన్నీ తెచ్చి అందులో పోశాడు. "మీ ముక్కలు నా పేరున రాసియ్యండి" అని అన్న ఎవర్నీ అడగలేదు. ఎవరు చేర్చింది వాళ్ళదే, తాను రాసింది తనది.

మరి వాడుకోవడమో? ఎవరైనా రావచ్చు, పట్టుకుపోవచ్చు. అన్న పెట్టిన షరతు ఒక్కటే. "మజ్జిగ తోడు మాదిరప్పా ఇది. అడిగితే లేదనకూడదు. నువ్వు తోడేసుకున్న పెరుగులోనించి పక్కింటోళ్ళకు ఇంగో గరిటె ఇయ్యల్ల."

"ఆ షరతు కాగితం మీద పెట్టన్నా" అన్నాను నేను, వృత్తి ధర్మంగా.

"తోడుకు కాగితమేందప్పా!" అని పకపకా నవ్వాడు. ఇలా నవ్వినవాళ్ళందర్నీ నేను తర్వాత కోర్టు మెట్ల మీద చూశాను. కానీ వింటేగా.

అలాంటి మనిషి ఒకరోజు తనంతట తానే కాగితం కావాలని నా బల్ల దగ్గరికొచ్చాడు. ఆదెన్న కూతురు జ్యోతిలక్ష్మి పెళ్ళి దగ్గరపడింది.

"నాగేశ్వరా, ఒక దానపత్రం రాయల్లప్పా."

"యాడుండాదన్నా భూమి?"

"భూమి కాదు. ‘అంచు’లో డిజైన్ను కుడి నుంచి ఎడమకు తిప్పే ముక్క ఉండాది. నేను రాసిందే. జ్యోతిలక్ష్మికి చదివిస్తా."

నేను కలం కింద పెట్టి ఆయన కళ్ళలోకి చూశాను. మా ఊరి ఎండకు మనిషి మతి చలించడం వింతేమీ కాదు. "సరే, చెక్కుబందీ చెప్పు" అన్నాను వెటకారంగా. చెక్కుబందీ అంటే ఆస్తికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు. అవి చెప్పందే నా కలం కదలదు, చేతికి పట్టిన అలవాటు.

వెటకారాన్ని వెటకారంగా తీసుకునే గుణం ఆయనకు లేదు. కళ్ళు మూసుకుని, తాత నాటి చేను హద్దులు చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. "రాసుకో. తూర్పుకు ఆదెన్న బుట్టాలు. పడమరకు రంగులు మార్చే ముక్క. ఉత్తరానికి అనంతపురం పిల్లోళ్ళ కొలతలు. దక్షిణానికి కార్డుకు తూట్లు రాసే ముక్క."

"దారి?"

"దారి కూడా రాయల్లనా?"

"మళ్ళ! ఆస్తిలోకి రాకపోకలు యాట్నుంచి?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "దక్షిణం నుంచే. ఎవురేం గీసినా కార్డు మీదికి పోవల్లంటే ఆ తూట్లు రాసే ముక్కలోనించే పోవల్ల. ఇంగో దారి లేదు." అదీ రాశాను.

అలవాటు కొద్దీ ‘నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా’ అని రాసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "జలమా? మన చేన్లలోనే లేదు, కంప్యూటర్లో యాడుంటాదప్పా! కొట్టెయ్. పెండ్లినాడు అబద్ధం చదివించకూడదు." కానీ చివర్లో ‘ఆచంద్రార్కం’ అన్న మాట దగ్గర ఆగి, అంటే ఏమిటని అడిగాడు. సూర్యచంద్రులు ఉన్నంత కాలమూ అన్నాను. ముఖం వెలిగిపోయింది. "అది ఉండనీ. అది శానా బాగుండాది."

రిజిస్ట్రారుగారు ఆ కాగితం చదివి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. సర్వే నంబరు లేనిదాన్ని రిజిస్టరు చెయ్యనన్నాడు. సరే, సాక్షుల సంతకాలతో పని కానిచ్చాం.

పెళ్ళిలో మైకు దగ్గర చౌడప్ప. ఆయనకు మైకు అలంకారమే, గొంతు రైల్వే స్టేషను దాకా వినిపిస్తుంది. "మేనత్త చదివించింది ఇత్తడి బిందె! ఎదురింటివారు చదివించింది టేబులు ఫ్యాను!" అని జోరుమీద ఉన్నవాడు కాస్తా గతుక్కుమన్నాడు. కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు.

"చంద్రమోహనన్న చదివించింది... డిజైను తిప్పే ముక్క... దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో... ఆచంద్రార్కం!"

మగపెళ్ళివారి వైపు నుంచి ఒక పెద్దావిడ లేచింది. "ఏమప్పా, అది తినేదా, కట్టుకునేదా?"

అన్న వినయంగా లేచి నిలబడ్డాడు. "రెండూ కాదమ్మా. ఉంచుకునేది."

ఆ రాత్రి భోజనాల దగ్గర పప్పుకంటే ఆ మాటే ఎక్కువగా వడ్డించుకున్నారు జనం.

అన్న భార్య సునందక్కకు తల తీసేసినంత పనయింది. మర్నాడు నా ముందే దులిపేసింది. "ఒక స్టీలు బిందె చదివించయ్యా, నీ కాళ్ళు మొక్కుతా. ఊరంతా మనల్ని పిసినారోళ్ళంటాండారు."

"బిందె సొట్ట పోతాది సునందా."

"నీ ముక్కో?"

"దాన్ని ఎవురూ సొట్ట చేయలేరు."

సునందక్క నుదురు కొట్టుకుని, అప్పట్నుంచీ తన పేరున తానే ఒక బిందె చదివించడం మొదలుపెట్టింది. చౌడప్ప ముందు "సునందక్క చదివించింది స్టీలు బిందె!" అనేవాడు. తర్వాత ఒక గుక్క నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "చంద్రమోహనన్న చదివించిందీ..." అని రాగం తీసేవాడు. ఆ చివరి మాట వరకు వచ్చేసరికి పందిరి పందిరంతా గొంతు కలిపి "ఆచంద్రార్కం!" అని అరిచేది. చంటిపిల్లలు కూడా నేర్చుకున్నారు.

పట్టుదారం కండెలు చుట్టే సారా పెళ్ళి కంబదూరు చర్చిలో జరిగింది. అన్న పళ్ళెం పట్టుకుని అక్కడికీ వచ్చాడు, నన్నూ లాక్కొచ్చాడు. పాస్టరుగారు మంచి మనిషి. పెన్‌డ్రైవును అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రార్థనలో దీన్ని ఏమని చెప్పల్ల బ్రదర్?" అన్నాడు.

"బుట్టాకూ బుట్టాకూ మధ్య ఎడం సరిచూసే ముక్క అని చెప్పండి పాస్టరుగారూ."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బుట్టాల మధ్య తగినంత ఎడమును ఉంచి, ఈ బిడ్డల మధ్య ఏ ఎడమును లేకుండా కాపాడుము" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక బెంచీ నుంచి చౌడప్ప ఒక్కడే "ఆచంద్రార్కం" అన్నాడు.

ఇంకోసారి ఒక కూలిమగ్గం ఇంట్లో పసిబిడ్డ పేరుపెట్టే పండగ. పిల్లకు హేమావతి అని పేరు పెట్టారో లేదో, రంగులు మార్చే ముక్కకు యజమానురాలైపోయింది. ‘మైనరు కుమారి హేమావతి, సంరక్షకురాలు తల్లి’ అని రాస్తుంటే నాకే నవ్వాగలేదు. ఉయ్యాల్లో పెట్టీ పెట్టగానే ఆ పిల్ల పెన్‌డ్రైవును నోట్లో పెట్టేసుకుంది. ‘ఆస్తిని స్వాధీనము చేసుకొన్నారు’ అన్న మాట అంత నిజంగా జరగడం నా అనుభవంలో లేదు.

ఒక్కటి గమనించాను. షావుకార్ల పెళ్ళిళ్ళలో మాత్రం అన్న అక్షింతలు వేసి, భోంచేసి, ఊరికే వచ్చేసేవాడు. ఇదేంటన్నా అంటే, "వాళ్ళకు బిందెలు శానా ఉండాయిలేప్పా" అన్నాడు. భయమేమో అనుకున్నాను.

ఇక మారెమ్మ. ఈమె గురించి కాస్త చెప్పాలి. నల్లమాడ వైపు నుంచి వచ్చింది. అక్కడ శెనక్కాయ చేలల్లో కూలి చేసుకునేది. వానలు మొహం చాటేస్తే చేలూ లేవు, కూలీ లేదు. ధర్మవరంలో పని కోసం తిరుగుతూ అన్న సెంటరు ముందు నిలబడి, చిమ్మే పని ఏమైనా ఉందా అని అడిగిందట. చిమ్మడానికి తాను ఉన్నానని చెప్పి, అన్న ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఇప్పుడు సొంతంగా వీధిగదిలో పాత కంప్యూటరొకటి, కార్డులు పొడిచే మిషనొకటి పెట్టుకుని చుట్టుపక్కల చిన్న మగ్గాలకు డిజైన్లు చేసిస్తుంది. ‘అంచు’ లేకపోతే ఆమెకు పని లేదు.

నోరు మాత్రం పెద్దది. అన్న గురువని కూడా చూడదు. "నీ ప్రోగ్రాం మొండికేసిందన్నా, వచ్చి చూడు." "ఈ రంగు బాగలేదు, నేనొప్పుకోను." "ఈ పొద్దు రావద్దు, నాకు పనుండాది." అన్న ప్రతిదానికీ తలాడించేవాడు.

ఆమె ఆ వీధిగదిలో దీపం వెలిగించిన రోజున పెళ్ళీ లేదు, పందిరీ లేదు, చౌడప్పా లేడు. అయినా అన్న పళ్ళెం తెచ్చాడు. నా చేత రాయించింది అన్నిటికంటే పెద్ద ముక్క, కార్డుకు తూట్లు రాసేది. తాను రాసినవాటిలో ఆయన దగ్గర మిగిలిన ఆఖరిది కూడా అదే.

"నాకెందుకన్నా ఇది? నేనేం చేసుకోను?" అంది మారెమ్మ.

"ఉండనీ. కూడు పెట్టమని అడగదులే."

ఆమె దాన్ని పసుపు కుంకుమల డబ్బాలో పెట్టి మూత వేసింది. నేను మనసులో, ఈ మనిషి ఇక బాగుపడడు అనుకున్నాను.

అసలు ఆయనతో వచ్చిన చిక్కంతా ఒక్కటే. లేదు, వద్దు, కాదు అనే మూడు మాటలు దేవుడు ఆయన నోట్లో పెట్టడం మరిచిపోయాడు. ఆయన స్కూటరు మీద ఊరంతా తిరుగుతుంది, ఆయన నడిచి తిరుగుతాడు. వాకిట్లోకి వచ్చిన ఏ మిక్సీలవాణ్ణీ ఉత్త చేతులతో పంపలేదు. సునందక్క వంటింట్లో గ్లాసు పెట్టుకునే చోటు లేదు, అన్నీ మిక్సీలే.

ఇలాంటి మనిషి మీదికి కంపెనీ వచ్చిపడింది.

బెంగళూరు నుంచి వచ్చారు. ‘అంచు’ను కొనేసి, తమ పేరు పెట్టి, తాళం వేస్తారట. తాళంచెవి కొనుక్కున్నవాడికే అది తెరుచుకుంటుంది. పాతవన్నీ చెరిపెయ్యాలి, ఒకరికొకరు ఇచ్చుకుంటే నేరం. తోడు షరతు కాగితం మీద లేదుగా మరి! కంపెనీ తెలివిగా నేరుగా అన్న దగ్గరికి రాలేదు, షావుకారు నాగప్పను పట్టుకుంది. అన్న నాయన చనిపోయినప్పుడు ఆ ఇంట్లో మగ్గం ఆగిపోకుండా పట్టుదారమిచ్చి, పనిచ్చి నిలబెట్టినవాడు నాగప్ప. చెడ్డవాడు కాదు. కంపెనీ వస్తే ఊరికి పేరొస్తుందని నమ్మాడు.

"చంద్రమోహనా, నా మాట మీద వచ్చినారు. సోమవారం వచ్చి సంతకం పెట్టు" అన్నాడు. అన్న "సరే పెద్దాయనా" అన్నాడు.

ఆ కబురు తెలిసి మారెమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "నాగేశ్వరన్నా, అన్న పెడతాడా?"

"అడిగింది నాగప్ప. ఈయప్ప మిక్సీలోనికే కాదనలేడు."

"తాళంచెవి కొనే దుడ్లు నా దగ్గర యాడుండాయి? మళ్ళా నల్లమాడకు పోయి కలుపు తీయల్ల. అదీ వాన పడితే."

ఆ సాయంత్రమే అన్న ఇంటికి పోయి, "ఒక్క మాట అన్నా, వద్దు అను, ఒక్కసారి" అన్నాను.

"నాగప్ప పెద్దాయనతోనా!" అన్నాడు, చెయ్యకూడని పని చెప్పినట్టు నా వైపు చూసి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోవాళ్ళ కడుపు కొట్టే మొహమాటం ఏం మొహమాటమని అరిచి వచ్చేశాను.

సోమవారం పొద్దున నాగప్ప మేడమీద, చీరలు పరిచి చూపించే తెల్ల పరుపుల మీద అందరం కూర్చున్నాం. కంపెనీ ఆఫీసరు, ఆయన పక్కన అనంతపురం లాయరమ్మ కృపాకుమారి. ఎవరూ పిలవకపోయినా గుమ్మం నిండా జనం. అందరికంటే వెనక మారెమ్మ.

కాగితాలు ముందు పెట్టారు. అన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఈడనా?"

"అవును సార్."

పెట్టాడు. "ఈడ కూడానా?"

"అక్కడ కూడా."

పెట్టాడు. "ఈ పేజీ కింద శానా ఖాళీ ఉండాదే, ఆడ కూడా పెట్టనా?"

"అక్కర్లేదు సార్."

"పర్వాలేదులేమ్మా, ఉండనీ" అని అక్కడా ఒకటి పెట్టాడు. నాగప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "చూస్తిరా! నా మాట దాటడు వీడు." మారెమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. నేను తల దించుకున్నాను.

లాయరమ్మ చివరి పేజీ తెరిచింది. "ఒక్కటి మిగిలింది సార్. ‘ఈ ప్రోగ్రాం మీద నాకున్న హక్కులన్నీ’ అని రాశాం. మీకు ఏయే భాగాల మీద హక్కుందో చెబితే వివరంగా చేరుస్తాను."

"నాకా?" అన్నాడు అన్న అమాయకంగా. "నాకేమీ లేవు తల్లీ."

"అదేంటి సార్? రాసింది మీరే కదా?"

"రాసినా. అంతా చదివించేసినా."

గుమ్మం దగ్గర చౌడప్ప మెల్లగా అన్నాననుకున్నాడు, మెల్లగా ఆయనకు రాదు. "ఆచంద్రార్కం!" మేడంతా ఘొల్లుమంది.

నేను పరుగున పోయి నా దగ్గరున్న నకళ్ళు తెచ్చాను. లాయరమ్మ చదవడం మొదలుపెట్టింది. "తూర్పుకు... ఆదెన్న బుట్టాలు?" తలెత్తింది. "ఇవి ఎవరు రాశారు?"

"నేనేనమ్మా" అన్నాను, పరుపులో కూరుకుపోతూ. నా పరువు ఆ పూటతో సరి అనుకున్నాను.

ఆమె నవ్వలేదు. ఒక్కో కాగితమూ మళ్ళీ చదివింది. కంపెనీ ఆఫీసరు, "ఇవన్నీ జోక్ కదా మేడం?" అన్నాడు.

"కాదు సార్. కాపీరైటు ఒకరి నుంచి ఇంకొకరికి పోవాలంటే రాత ఉండాలి, ఇచ్చినవారి సంతకం ఉండాలి. రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఏ భాగమో రాశారు, ఎవరికో రాశారు, ఎంత కాలమో కూడా రాశారు."

"ఎంత కాలం?"

"సూర్యచంద్రులు ఉన్నంత కాలం" అంది ఆమె, మొహంలో ఏ భావమూ లేకుండా. "హద్దులు రాయాల్సిన పనిలేదు. రాస్తే తప్పూ లేదు."

నేను కాస్త పైకి లేచి కూర్చున్నాను.

"అయితే వీళ్ళందరి దగ్గరా కొందాం" అన్నాడు ఆఫీసరు. లాయరమ్మ, హేమావతిగారు ఎక్కడుంటారని అడిగింది. గుమ్మంలోంచి తల్లి పిల్లను ఎత్తి చూపించింది. హేమావతిగారు ఆఫీసరు టై చూసి ఏడుపు లంకించుకుంది. లాయరమ్మ ‘మైనరు’ అని రాసుకుని తర్వాతి కాగితాలకు వెళ్ళింది. వెళ్ళి ఒకచోట ఆగిపోయింది. నకళ్ళన్నీ పక్కపక్కన పరిచింది.

"అన్నిటికీ దారి ఒక్కటే రాశారే. తూట్లు రాసే భాగంలోంచి. అది లేకపోతే మిగతావి ఎన్ని కొన్నా కార్డు బయటికి రాదు సార్." కాగితం తిప్పింది. "మారెమ్మగారు ఎవరండీ?"

ఆ మేడమీద ఆ పేరుకు ‘గారు’ తగలడం అదే మొదలు. అందరూ పక్కకు జరిగారు. మారెమ్మ ఒక కాలికి చెప్పు వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"మీ భాగం కంపెనీకి ఇస్తారామ్మా?"

మారెమ్మ నా వైపు చూసింది. అన్న వైపు చూసింది. అన్న గోడ మీది క్యాలెండరులో తిథులు చదువుకుంటున్నాడు.

"నేను ఇయ్యనంటే?"

"కుదరదమ్మా."

"నేనా? నేను ఇయ్యనంటే మీకు కుదరదా?"

"కుదరదు."

"ఇంగోసారి చెప్పు తల్లీ."

"మీరు ఇవ్వనంటే ఈ బేరం కుదరదు మారెమ్మగారూ."

ఆమె చేతిలో చెప్పు కింద పెట్టి, కొంగు సర్దుకుంది. "అట్లయితే ఇయ్యను. ఎవురన్నా వాడుకోండి, పట్టుకపోండి, మీరు కూడా పట్టుకపోండి సారూ, తోడు అడిగినట్లు అడగండి, ఇస్తా. తాళమేస్తామంటే మాత్రం ఇయ్యను."

ఇన్నాళ్ళూ నేను పందిళ్ళలో నవ్వుకున్నది దేన్ని చూసి! నా చేత్తో నేనే ఊరికి కోట కడుతూ, అది పిచ్చివాడి ఆట అనుకున్నాను. ఏం మనిషండీ! ఏం బుర్రండీ!

నాగప్ప అన్న వైపు తిరిగాడు. "ఏమిరా, నా మాట కాదనలేదు కదా నువ్వు?"

"లేదు పెద్దాయనా. సంతకం కూడా పెట్టినా."

"పెట్టినావు. ఖాళీ ఉండేకాడంతా పెట్టినావు." పెద్దాయన బొజ్జ అదరడం మొదలైంది. తర్వాత నవ్వు బయటికొచ్చింది. చివరికి కళ్ళు తుడుచుకుని, వచ్చినవాళ్ళకు టిఫిన్లు తెప్పించమన్నాడు.

మెట్లు దిగుతుంటే లాయరమ్మ నన్ను ఆపి, ఆ తోడు షరతేదో ఈసారైనా కాగితం మీద పెట్టమంది. వారం తిరక్కుండా రాశాను. ఆదెన్న, అనంతపురం పిల్లలు, రాప్తాడు అయ్యవారు, జ్యోతిలక్ష్మి, సారా, మారెమ్మ, హేమావతి తల్లి, అందరూ సంతకాలు పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, ఎవరూ తాళం వెయ్యకూడదు.

ఆ సోమవారం ఇంటికి నడుస్తూ అన్నను అడిగాను. "ముందే తెలిసి చేసినావా ఇదంతా?"

"నాకు కాదనే నోరు లేదప్పా. ఎవురో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడగకుండా పోరు. అందుకే అడిగేదానికి నా దగ్గర ఏమీ పెట్టుకోలే. ‘అంచు’ పోతే ఎవురి పొయ్యి ఆరిపోతాదో వాళ్ళకిచ్చినా."

"మరి దారి మారెమ్మకే ఎందుకిస్తివి?"

"ఊర్లో ఆమె మాదిరి కాదనేవాళ్ళు ఇంగెవురుండారప్పా? నన్నే రోజుకు పదిసార్లు కాదంటాది." కొంచెం దూరం నడిచి మళ్ళీ అన్నాడు. "ఇంగొకటి. ఆమెకు అందరూ పని చెప్తారు. నీకిష్టమేనా అని ఎవురూ అడిగింది లేదు. ఆమె చేతిలో అడగాల్సింది ఒకటుంటే అడగక తప్పదు కదా."



కొన్నాళ్ళకు ప్రోగ్రాంలో ఒక తప్పు బయటపడింది, కార్డు చివర ఒక తూటు ఎక్కువ పడుతోంది. నేను అన్నతోనే ఉన్నాను. సెంటర్లో కూర్చుని సరిచెయ్యొచ్చు. చెయ్యడే! ఎండలో నడిచి మారెమ్మ వీధిగదికి వచ్చి, గడప బయట చెప్పులు విడిచాడు.

"మారెమ్మా, తూట్లు రాసే ముక్కలో ఒక తప్పుండాది. సరిచేస్తా. నువ్వు ఊ అనల్ల."

"నువ్వు రాసిందే కదన్నా, నన్నడగల్లనా?"

"రాసింది నేను. నీది కదా. కొత్త కాగితం ప్రకారం అడగకున్నా నడుస్తాది, అయినా నీ దాంట్లో చెయ్యి పెట్టేటప్పుడు అడగల్ల."

మారెమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "కూచోన్నా. ఆలోచన చేసి చెప్తా."

కూర్చున్నాం. ఆమె గీస్తున్న బుట్టా పూర్తిచేసింది. లోపలికి పోయి టీ పెట్టింది. తెచ్చి ఇచ్చింది. మబ్బులన్నీ మళ్ళీ కర్ణాటక వైపే పోయాయని తిట్టింది. మిషను తుడిచింది. అన్న అరుగు మీద బుద్ధిగా కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. నా బల్ల దగ్గర ముగ్గురు పార్టీలు కాచుకుని ఉన్నారు, నాకు ఓపిక నశించింది.

"ఏం మారెమ్మా, ఇంగా ఆలోచన కాలేదా?"

"ఉండన్నా, ఏం తొందర? ఇన్నేండ్లకు నన్నొకరు అడగొచ్చినారు. రొంతసేపు కూచోనీ" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

అన్న ఖాళీ గ్లాసు ముందుకు చాపి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.